అయిదు కోర్సుల భోజనం

చోడవరం, యాభై నాలుగో సంవత్సరం, భాద్రపదం. వానకి లోటు లేదు, వంటకే. కాలేజీ నుంచి అప్పుడే ఇల్లు చేరిన బంగార్రాజు, అతని తల్లి అచ్చియ్యమ్మ, జ్వరం తగ్గి వంటింటి గుమ్మం పక్కన నులకమంచం మీద కూర్చున్న చెల్లెలు చిన్నతల్లి.

“ముందా కేరేజీ ఇలాగియ్యిరా బంగార్రాజూ.”

“ఉండమ్మా, కాళ్ళు కడుక్కోనీ. బురద సూడు, మోకాళ్ళ దాకా.”

“కాళ్ళకేటి తొందర? పొద్దున్నించీ గుంట, మన సిన్నతల్లి, గుమ్మం కేసే సూస్తంది. జొరం తగ్గింది, ఇయ్యాల అన్నం పథ్యం పెట్టమని మందిచ్చే ఆచార్లుగారన్నారు గదా? ‘మా క్లాసులో బోయినాల పాఠమమ్మా, అన్నం నేను తెస్తాను, నువ్వెవర్నీ బియ్యం అడక్కు’ అని నువ్వన్నావా, నేదా?”

“అన్నాను.”

“మరి తే.”

“అన్నయ్యా, తెల్లన్నమేనా?”

“తెల్లగా... తెల్లగానే ఉన్నాయే, పళ్ళేలు. పింగాణీవి. అద్దంలా మొకం కనబడిపోతంది.”

“పళ్ళేల సంగతెవరడిగేర్రా? వడ్డించినవి సెప్పు.”

“అది మామూలు వడ్డనేటమ్మా! శ్యామ్ సుందర్ మాస్టారు మెడ్రాసులో నేర్చుకొచ్చేరు. రేపు మేం ఉద్యోగాలకెళ్తే పెద్దాఫీసర్లు పక్కన కూకోబెట్టుకుని, ఎలాగ తింతన్నామో సూస్తారట. అందుకని టేబుల్ మేనర్సు నేర్పుతన్నారు.”

“మేనరికమా?”

“మేనరికం కాదమ్మా. మేనరికంలో అత్తుంటాది, మేనర్సులో కత్తుంటాది. కుడిసేత్తో కత్తి, ఎడంసేత్తో ముళ్ళ చెంచా.”

“ఎడంసేత్తో అన్నమా! ఛీ ఛీ. అలాగ తిన్నోళ్ళకి ఉద్యోగాలిస్తారేట్రా?”

“వాళ్ళకే ఇస్తారు. ఒళ్ళో ఓ తెల్లటి గుడ్డ పరుచుకోవాలి.”

“గుడ్డు కూడా పెట్టేరా అన్నయ్యా?”

“గుడ్డ. గుడ్డు కాదు. కొమ్మొక్కటే తేడా. కడుపుకైతే కొండంత తేడా.”

“మాటలకేం గానీ, ముందేటెట్టేరు?”

“ముందు సూపు.”

“సూపేటి?”

“చారులాటిదమ్మా. అది తాగినప్పుడు సప్పుడు రాకూడదు. జుర్రుమన్నావా, మార్కులు పోయేయే.”

“అదేం తిండిరా? సప్పుడు నేకపోతే, తిన్నట్టు పక్కోళ్ళకెలాగ తెలుస్తాది?”

“తెలవక్కర్లేదమ్మా. అదే మర్యాద.”

“ఏమో. మీ మర్యాద నాకు తెలీదు. తరవాత?”

“తరవాత సేప. దాని తరవాత కోడి. ఆ తరవాత అన్నం, కూర. ఆఖర్న పుడ్డింగు. పుట్టి బుద్దెరిగేక అలాటి మాటే ఇన్లేదు. మొత్తం అయిదు కోర్సులు. నేను సదివేది ఒక్క కోర్సు, నమిలినవి అయిదు.”

“కోడే! అన్నయ్యా, కేరేజీలో కోడుందా?”

“నీకు కోడి పడదే. జొరం తిరగబెడతాది.”

“అన్నం పడతాది గదా. ఒక్క ముద్ద సాలు. మెత్తగా నలిపి ఉప్పేసి...”

“పడుకో, పడుకో. మొకం పాలిపోయింది.”

“ఒరే, ఆ మూతెందుకలాగ పట్టుకున్నావు?”

“పట్టీసిందమ్మా. తుప్పు.”

“ఇత్తడికి తుప్పేట్రా! ఇటు తే.”

“లాగకమ్మా. అమ్మా, నీకు దణ్ణమెడతాను, లాగక—”

“ఇదేట్రా? అన్ని గిన్నెలూ ఉత్తివే?”

“మూతెట్టియ్యమ్మా.”

“దార్లో తినీసేవా?”

“నేదు.”

“ఆకలేసుంటాది. తింటే తిన్నానని సెప్పరా, నానేటీ అనను. ఎదిగే గుంటడివి.”

“తిన్నేదమ్మా!”

“మరెవరికిచ్చీసేవు?”

“ఇయ్యడానికక్కడేటుందనీ? పళ్ళేలన్నీ ఉత్తివే! క్లాసందరికీ ఉత్తి పళ్ళేలే!”

“ఉత్తి పళ్ళేలెట్టుకుని ఏటి సేసేరు?”

“తిన్నాం! ‘సూప్’ అంటే ఉత్తి చెంచా ముంచి నోట్లో పెట్టుకున్నాం. ‘ఫిష్’ అంటే గాల్లోంచి ముల్లు తీసేం. ‘చికెన్’ అంటే పింగాణీని కోసేం. నమలమన్నారు, నమిలేం. నవ్వకుండా నమలాలట. నా పేగులు అరుస్తంటే ‘బంగార్రాజు, నో సౌండ్ ప్లీజ్’ అన్నారమ్మా! సూపన్నారు, మాకు సూపులే మిగిలేయి. పైగా అందరికన్నా నేనే నిజంగా తిన్నట్టు తిన్నానట, సప్పట్లు కొట్టించేరు.”

“అన్నయ్యా, నవ్వొచ్చే మాట సెప్పి ఏడుస్తావేటి?”

“బోయినాల పాఠమంటే బోయినం పెడతారనుకున్నానే. కేరేజీ బల్ల కిందెట్టుకు కూకున్నాను. అందరూ లెగిసెళ్ళిపోయినా నేను కూకునే ఉన్నాను, ఇప్పుడేనా తెస్తారేమోనని. పొద్దున్న అంబలి కూడా నీకొదిలీసే ఎళ్ళేను. అదేనా తాగేవా అమ్మా?”

“తాగేను, తాగేను. శుభ్రంగా తాగేను.”

“డబ్బాలో అంబలికి చోడిపిండుందా?”

“పొద్దున్న దులిపీసేను గదరా.”

“చోడి అయిపోతే చోడవరంలో ఇంక మిగిలేది వరమేనమ్మా.”

“ఆ వరమేదో ఎసట్లో పడీరా, గుంటకి వార్చి పెడతాను.”

“పక్కింటి మంగాయమ్మత్తనడగనా? గిద్దెడు బియ్యం. నాకొద్దు, దీనికే.”

“నన్ను సూసి మొన్నే తలుపేసీసుకుంది. నిన్ను సూస్తే గెడ కూడా పెట్టీసుకుంటాది. ఒద్దు.”

“మరి దీనికేటి పెడతావు?”

“నా వాటా ఉంది గదరా. నాను తాగిందాంట్లో కొంచెం రాత్రికని దాసుకున్నాను. పల్చగా సేసి పట్టిస్తాను. లెగు, మొకం కడుక్కో. ఉత్తి పళ్ళెంలో తిండం నేర్పడానికి కూడా కాలేజీయేనా! ఎవరేనా ఇంటే నవ్వుతారు.”

“అమ్మా, నీ వాటా ఎక్కడుంది?”

“ఉందిలేవే. నువ్వు పడుకో.”

“పొద్దున్న అంబలంతా నాకే పట్టించీసేవు. గిన్నె నువ్వే కడిగి బోర్లించేవు.”

“ఒసే సిన్నతల్లీ! జొరంలో పేలుతందిరా, నువ్వు పట్టించుకోకు.”

“జొరం తగ్గిపోయింది. అన్నయ్యా, మీ మాస్టారు తప్పు సెప్పేరు. సప్పుడు సెయ్యాలి.”

“ఏటే నువ్వనేది?”

“నోర్ముయ్యవే!”

“ఈ మంచం ఇక్కడేసిన కాడ్నించీ తలుపు సందులోంచి సూస్తన్నాను. మన తిళ్ళయిపోయేక, అమ్మ తలుపు దగ్గిరగా యేసుకుని ఒక్కత్తీ కూకుంటాది గదా. చెంబుడు నీళ్ళు తాగి, ఉత్తి పళ్ళెంలో సెయ్యెట్టి కలుపుతాది అన్నయ్యా. బయట నీకినబడాలని జుర్రు జుర్రుమని సప్పుడు సేస్తాది.”