గుమ్మడిపాదుకి టైలరు కొట్టిన మందు

ఆయన్ని అందరూ కోతల టైలరు అంటారు. ఆ కోతలకీ కత్తెరకీ ఏ సంబంధమూ లేదని టీకొట్టు బల్ల మీద ఎవర్నడిగినా చెబుతారు.

ఆ పొద్దున టీకొట్టాయన, తన గులాబీ మొక్కకి బూడిద తెగులు పట్టిందనీ, ఆకులు పిండి చల్లినట్టున్నాయనీ అన్నాడో లేదో, టైలరు గ్లాసు కింద పెట్టేశాడు.

"మందు కొనకు. నా గుమ్మడిపాదుకీ ఇదే వచ్చింది. ఇంట్లోనే కలిపి కొట్టా. రెండ్రోజుల్లో ఆకులు తళతళ!"

అక్కడితో ఆపితే బాగుండేది. కానీ అందరూ ఇటు తిరిగారు. అందరూ ఇటు తిరిగాక ఆపడం ఆయన వల్ల కాదు.

"ఏం కలిపావు బాబాయ్?" అన్నాడు ఆటో డ్రైవరు.

"వంటసోడా గుప్పెడు, అందులో వెనిగరు, పైన బ్లీచింగ్ పొడి. బుస్సుమని పొంగింది చూడు! ఆ పొగకి వీధిలో దోమలన్నీ మూటాముల్లె సర్దుకుని పోయాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికి తీగ గోడెక్కింది, తెల్లారేసరికి మేడెక్కింది. మా ఆవిడ దాని మీద చొక్కాలు ఆరేసిందా, అవి ఆరేలోగా మూడో అంతస్తుకి చేరాయి! ఇస్త్రీ చేయించుకుందామంటే నిచ్చెన కావాల్సొచ్చింది!"

"మరి కాయల సంగతి?"

"ఒక్కటే కాసింది. రంపం పెడితే రంపం పళ్ళూడాయి. తొలిచి చూస్తే లోపల మూడు గదులకి చోటుంది. మా బావమరిది అందులో కాపురం పెడతానంటున్నాడు. కిటికీ ఎటు పెట్టాలా అని ఆలోచిస్తున్నాం."

బల్లంతా ఘొల్లుమంది. నవ్వనిది ఇద్దరే. చివర కూర్చున్న రిటైరైన నర్సమ్మ ఒకరు, టీకొట్టాయన ఒకడు. ఆయన చెవి మీది పెన్సిలు తీసి, పొట్లం కాగితం మీద రాసుకుంటున్నాడు: సోడా గుప్పెడు, వెనిగరు, బ్లీచింగ్...

ఆ పెన్సిలు చూసేసరికి టైలరు ఇరుకున పడ్డాడు. కాదంటే పరువు పోతుంది. ఔనంటే వీడు నిజంగానే కలిపేస్తాడు. తను ఆ పొగ పీల్చి రెండు రోజులు పడ్డ బాధ తనకి తెలుసు.

"అంటే... కొలతలు అంత కచ్చితంగా..." అని నసిగాడు.

"ఆ కాగితం చింపెయ్ నాయనా," అంది నర్సమ్మ. "బ్లీచింగులో వెనిగరు పడితే వచ్చేది విషవాయువు. ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఏం తమ్ముడూ, మొన్న దగ్గుతూ పరిగెత్తుకొచ్చి, పొలమారిందన్నావే, ఇదేనా?"

టైలరు తల వంచుకున్నాడు. కాగితం రెండు ముక్కలైంది.

"లీటరు నీళ్ళలో చెంచాడు వంటసోడా, నాలుగు చుక్కలు ఘాటులేని సబ్బునీళ్ళు. ఇంకేమీ కలపొద్దు. చేతులకి తొడుగులేసుకో. ఎండ తగ్గాక కొట్టు. సోడా ఎక్కువైనా ఆకు మాడుతుంది, అందుకని ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండ్రోజులు చూడు. బాగుంటేనే మిగతా వాటికి. తమ్ముడూ, నువ్వూ అంతే. ముందు ఒక్క ఆకు."

"ఒక్కటేనా?" అన్నాడు టైలరు.

"ఒక్కటే. అదేమంత కష్టం?"

టైలరు ఖాళీ గ్లాసులోకి చూస్తూ, జీవితంలో మొదటిసారి, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ ఒక్కటీ మిగల్లేదక్కా."