టెరాబైటు పెంచిన ప్రాసెస్‌లు

ఆఫీసులో చేరిన కొత్తలో అతన్ని మెగాబైటు అనేవారు. కోతలు పెరిగేకొద్దీ పేరుకీ ప్రమోషన్ వచ్చి గిగాబైటు అయ్యాడు, ఇప్పుడు టెరాబైటు. జీతం మాత్రం అంత జోరుగా పెరగలేదు. ఆ కసంతా కథల్లో తీర్చుకుంటాడు.

ఆ రోజు ఆఫీసు ఎదురుగా టీ బంకు బెంచీ మీద నలుగురు కూర్చున్నారు. టెరాబైటు, మేనేజరు, డేటాబేసు చూసుకునే బాబాయి (ఆఫీసంతటికీ ఆయన బాబాయే), ఆ చివర టెస్టింగు చేసే అమ్మాయి. టీ తాగి పైకి వెళ్ళగానే మేనేజరు ఒక విషయం తేల్చాలి. కిడ్నీ రోగుల్ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళి ఇంటి దగ్గర దింపే కార్ల కంపెనీకి వీళ్ళు కొత్త ప్రోగ్రాం రాశారు. వారంగా కొన్ని కార్లు దాని మీదే తిరుగుతున్నాయి. సోమవారం అన్ని కార్లనీ దానికి అప్పజెప్పి పాత ప్రోగ్రాం ఆపేయాలా, కొన్నాళ్ళు రెండూ నడపాలా?

రెండూ నడపడం దండగని మేనేజరు గొణుగుతున్నాడు. పాతది ఆపొద్దని టెస్టింగ్ అమ్మాయి మొత్తుకుంటోంది. ఆమె అత్తగారు డయాలిసిస్‌కి వెళ్ళేది ఆ కార్లలోనే. ఒక్క పూట కారు రాకపోతే ఆవిడ గతేమిటని ఆమె బెంగ. పాతది ఎందుకుండాలో చెప్పమంటే మాత్రం ఆమె దగ్గర భయం తప్ప రుజువు లేదు.

"పెద్ద విషయమేం కాదు సార్," అని మొదలుపెట్టాడు టెరాబైటు. కొంపలు ముంచే కథలన్నీ అతను అలాగే మొదలుపెడతాడు. "పోయిన మంగళవారం, ఇది మొదలుపెట్టిన పూటే, ఒక మెషీను కాస్త వేడెక్కింది. మనం ప్రోగ్రాం రాసిన భాష సంగతి తెలిసిందేగా, ఇందులో ఒక్క పెద్ద ప్రోగ్రాం ఉండదు, కారుకొకటి చొప్పున బుల్లి బుల్లి ప్రాసెస్‌లు, ఎవరి కంచం వాళ్ళదే, పక్కదాని కంచంలో చెయ్యి పెట్టేది లేదు, ఏం కావాలన్నా మెసేజ్ పంపి అడగాల్సిందే. ఒకటి చచ్చిందనుకోండి, పైన సూపర్‌వైజరని ఇంకో ప్రాసెస్ ఉంటుంది, అది ఏడుపూ పెడబొబ్బా లేకుండా అలాంటిదాన్నే మళ్ళీ పుట్టిస్తుంది. నేను చేసిందల్లా కార్ల ప్రాసెస్‌లని పక్క మెషీన్లోకి మార్చి ఆ వేడి మెషీను ఆపేయడమే."

అది నిజమే కాబట్టి బాబాయి తలూపాడు. అదే ఆయన చేసిన తప్పు. టెరాబైటుకి తలూపడమంటే పచ్చజెండా ఊపడమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కదీ వేడెక్కింది. దాని పక్కదీ ఎక్కింది. నేను కుర్చీలోంచి లేస్తే ఒట్టు. పదండ్రా అన్నానంతే, లక్ష ప్రాసెస్‌లూ చీమల్లా బారుకట్టి ప్రింటర్లోకి వెళ్ళిపోయాయి."

"మన ప్రింటరా?" అన్నాడు బాబాయి. "అది కాయితమే సరిగ్గా లాగదు."

"ఇన్ని ప్రాసెస్‌లు లాగుతుంటే కాయితమేం లాగుతుంది బాబాయ్, పాపం. అక్కడా పట్టకపోతే మిగతావాటిని లిఫ్టులోకి తోలాను. లిఫ్టు ఆగిపోయిందని అందరూ తిట్టుకున్నారు చూడండి, అప్పుడది సగం ఊరి కార్లు నడుపుతోంది."

మంగళవారం మేమూ అక్కడే ఉన్నాం కదయ్యా అన్నాడు మేనేజరు. మీరు చూసింది స్క్రీను, నేను చూసింది లోపల అన్నాడు టెరాబైటు, ఏమాత్రం తడబడకుండా. ఇక అతన్ని పట్టేవాడు లేడు. కరెంటు పోయిందట, తీగల్లో మిగిలిన అడుగూబొడుగూ కరెంటుతోనే ప్రాసెస్‌లు సాయంత్రం దాకా లాగించాయట. ఒకటైతే చచ్చి పుట్టి, చచ్చి పుట్టి, విసుగెత్తి ఇంక చావనని మొండికేసిందట. సూపర్‌వైజరు ముసలిదైపోయి తాళాలగుత్తి కోడలు ప్రాసెస్‌కి అప్పజెప్పి మూల కూర్చుందట.

"కార్ల సంగతి అడగరేం? పేషెంటు ఫోన్ తియ్యకముందే కారు గుమ్మంలో ఉండేది. ఒకాయనకి అసలు కిడ్నీ జబ్బే లేదు, పొద్దున్నే కారొచ్చి నిలబడింది. అనుమానమొచ్చి పరీక్ష చేయించుకుంటే, సరిగ్గా టైముకొచ్చారండీ, ఇప్పుడే మొదలవుతోంది అన్నారట డాక్టర్లు."

మేనేజరు నవ్వి నవ్వి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఆ నవ్వు చూసేసరికి టెరాబైటుకి రోషం వచ్చింది.

"సరే సార్, అన్నీ కోతలే అనుకోండి. వారంలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో మీరే చెప్పండి. సున్నా."

మేనేజరు నవ్వు ఆగింది. రోజూ పొద్దున్నే ఫిర్యాదుల లెక్క చూపే స్క్రీను తెరిచి చూసేది ఆయనే. చొక్కా తుడుచుకుంటూ, ఇతని మిగతా మాటలెలా ఉన్నా ఇది మాత్రం నిజమేనని, అంత బాగా నడుస్తుంటే పాతది దేనికని, సోమవారం ఆపేద్దామని అనేశాడు. టెరాబైటు ఇంకో టీ చెప్పాడు.

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది.

"వారమంతా ఒక్క ఫిర్యాదూ రాలేదా అన్నయ్యా?"

"ఒక్కటంటే ఒక్కటి రాలేదు చెల్లెమ్మా."

"ఆ కొత్త ప్రోగ్రాం కార్లలోనే మా అత్తగారు తిరుగుతోంది."

అయితే ఏమిటన్నట్టు ముగ్గురూ చూశారు. ఆమె విడమరిచి చెప్పింది. కారు ముందొస్తే తొందరపెడుతున్నారంటుంది, వేళకొస్తే గుమ్మంలో కాపలా కాస్తున్నారా అంటుంది. డ్రైవరు పాట పెట్టాడని ఒక ఫిర్యాదు, ఆపేశాడని మరొకటి. కారు దిగేలోగా ఫోనులో రాసి పంపేస్తుంది, ఎలా పంపాలో నేర్పింది ఈ అమ్మాయే. దేవుడొచ్చి కారు తోలినా ఆవిడ చేతిలో ఒక ఫిర్యాదు తప్పదు.

"అవన్నీ ఎక్కడికి పోయాయి?"

బాబాయి, మంగళవారం కార్ల ప్రాసెస్‌లతో పాటు ఫిర్యాదులు తీసుకునేదాన్ని కూడా మార్చావా అని అడిగాడు. కార్లవే మార్చానని టెరాబైటు ఒప్పుకున్నాడు. ఫిర్యాదులదీ, దాన్ని మళ్ళీ పుట్టించాల్సిన సూపర్‌వైజరూ ఆ ఆపేసిన మెషీన్లోనే ఉండిపోయాయి.

"మన భాషలో చచ్చినదానికి మెసేజ్ పంపినా పంపినవాళ్ళకి ఏ తప్పూ కనపడదు," అంది అమ్మాయి. "చేరిందనే అనుకుంటారు. రేపు కారే రాలేదని మొత్తుకున్నా మనకి కనపడేది ఆ సున్నాయే సార్."

పాతది ఆపేది లేదని మేనేజరు అప్పటికప్పుడే చెప్పేశాడు. అమ్మాయి అక్కడే నిలబడి ఇంటికి ఫోను చేసి, మీ ఫిర్యాదులు ఒక్కటీ మావాళ్ళకి చేరలేదట అత్తయ్యా అని చెప్పింది.

"చేరలేదా? మరి దీని మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?" ఆవిడ గొంతు బంకు దాకా వినపడింది.

అమ్మాయి ఫోను తీసుకెళ్ళి టెరాబైటు చేతిలో పెట్టింది. అతను చెప్పిన టీ వచ్చింది, చల్లారింది, తొరక కట్టింది. ఊ అనడం తప్ప అతను ఇంకో మాట అనలేదు.