సూది పొడిచినంత తొవ్వ

1996 వేసవిలో షాద్‌నగర్ బస్సు శంషాబాద్ దాటుతుండగా నా ముందు సీట్లో, ఆసుపత్రి నుంచి పాల్మాకులకు తీసుకెళ్తున్న భార్యతో భర్త అంటున్నాడు:

“క్యాన్సర్ గడ్డకెళ్లి గంత నెత్తురు పోయినా బతికినవ్. తొడల సన్న గొట్టమేసి ఆపిండ్రు. ఇగ పరేషాన్ కాకు.”

“మరి గడ్డ?”

“అది గూడ తీసిండ్రు.”

“ఏడికెళ్లి? కోత లేదు, కుట్టు లేదు. సూది పొడిచినంత తొవ్వల గడ్డెట్ల పట్టింది?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

“అత్తమ్మకు గట్లనే చెప్పు, నమ్ముతది. నాకు నిజం చెప్పు.”

“నెత్తురు పోయే నరాన్నే మూసిండ్రు. గడ్డ ఆడనే ఉంది.”

“ఎన్నొద్దులు బతుకుతనన్నడు డాక్టరు?”

“అడగలే.”

“ఎందుకు?”

“మనింట్ల గసొంటివన్ని నువ్వే అడుగుతవు గద.”

ఆమె నవ్వింది.

“సరే, మల్ల పోయినప్పుడు నేనే అడుగుత. గప్పుడు నువ్వు మాత్రం డాక్టరు రూముకెళ్లి బయటికి పోకు.”