సున్నం పడని సమాధి

ఆదివారం పూట, మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పర్ నడిపే లేవి ఇంటికి డ్రాయింగు టీచరు మధులత వచ్చింది. రాజంపేట హాస్టల్లో పదో తరగతి చదువుతూ నిన్ననే ఇంటికొచ్చిన అతని కూతురు స్తుతి వేసిన బొమ్మను కడప పోటీకి పంపాలని ఆమె పట్టుదల. దాన్ని ఎట్లాగైనా ఆపాలని లేవి చూస్తున్నాడు.

"వద్దు మేడం. కడపకూ వద్దు, యాడికీ వద్దు."

"సరిగ్గా చూడనే లేదు కదన్నా నువ్వు. ఇట్ల తిప్పుతా, చూడు."

"చూసినా. దయ్యాలకొంప మాదిరి ఉండాది."

"దయ్యాలకొంప కాదు, చర్చి. గోపురం విరిగింది, ఆకాశమంతా నెత్తురు రంగు. చూసినోళ్లకు గుండె ఝల్లుమనాలనే ఏసింది."

"ఝల్లుమంటాండాది లే. ఎత్తిపెట్టు."

"ఈ సమాధులు చూడు, అన్నీ తెల్లగా..."

"సమాధుల పండగకు సున్నం కొడతాం మేడం. మావాళ్లల్లో మామూలే."

"మరి ఇదొక్కటి? సున్నం లేదు, కొవ్వొత్తి లేదు, సిలువ లేదు. ఉత్త మట్టికుప్ప. దిక్కులేని చావుకు గుర్తనుకుంటా."

"దిక్కులేని చావు కాదు!"

"ఏందన్నా?"

"ఏంలేదు. పిల్లకు రంగు అయిపోయిందేమో."

"అయిపోతే పక్కన ఈ మనిషినెట్ల ఏసింది? తల నుంచి కాళ్ల దాకా నల్లగుడ్డ. మొగమే లేదు. ఇది మృత్యువేనన్నా."

"అది... అది బురకా మేడం. కువైట్‌లో పనికి పోయినోళ్లు ఏసుకుంటారే, అది."

"స్తుతి వాళ్లమ్మ మాదిరా? అన్నా, మొగం ఎందుకట్ల తిప్పుకుంటాండావు?"

"తలుపు దగ్గరికెయ్ మేడం. పాప చర్చి నుంచి వచ్చే పొద్దాయె."

"ఏసినా. చెప్పు."

"దాని తల్లి లేదు."

"కువైట్‌లో ఉండాది కదా?"

"సెప్టెంబరులో చచ్చిపోయింది. ఆడ్నుంచి పెట్టెలో పంపినారు. పాప హాస్టల్లో ఉండె, ఈడ పూడ్చేసినాం. పరీక్షలయ్యేదాక చెప్పొద్దని ఊరంతటికీ దండం పెట్టినా. పనిచేసే ఇంట్లోవాళ్లు ఫోను గుంజుకున్యారని పాపకు అబద్ధం చెప్తాండా. మింగలేక కక్కలేక ఉండా మేడం."

"అయితే ఈ కుప్ప..."

"అదే. నవంబరులో సమాధుల పండగకు పాప వచ్చింది. దానికి గూడా సున్నం కొడితే, ఎవరిది నాయనా అని అడుగుతాదని దాని పక్కకే పోలేదు. కట్టుకున్నదానికి ఇంత సున్నం, ఒక కొవ్వొత్తి గూడా లేకుండా చేసినా."

"అన్నీ తెల్లగా ఉంటే అదొక్కటే కండ్లల్లో పడదా అన్నా?"

"పడితే పడనీ, ఎవరిదో తెలీదు కదా. కడపలో ఎవరన్నా, ఈ కుప్ప ఎవరిది పాపా అంటే ఊర్లోకొచ్చి అడుగుతాది. ఎవడో ఒకడు నోరు జారతాడు. పరీక్షలు ఈ రెండు నెల్లే. ఆపు మేడం, నీ కాళ్లు పట్టుకుంటా."

"లెయ్ అన్నా, లెయ్. పోటీకి బొమ్మకొక పేరు పెట్టాలంటే, నిన్న స్తుతి చెప్పింది. నాకప్పుడు అర్థం కాలే."

"ఏం పేరు?"

"'మాయమ్మ వచ్చేసింది.'"