తప్పించిన పోగు

"మూడు దినాలుగా అదే పడుగా? అది మగ్గమెక్కితేగానీ పుత్తూరోళ్లు లగ్నం పెట్టరు. మీ వదిన పోగులందిస్తే పూటలో అయిపోయుండును. అద్దెకుండే టీచరమ్మకేం తెలుసు మన పని!"

"అయిపోతాదిలేమ్మా, అరవొద్దు."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. టీచరు ఒక్కో పోగూ అందిస్తుంటే, ఎదురుగా కూర్చున్న కూతురు దాన్ని దువ్వెన పళ్లలాంటి అచ్చు సందులోంచి లాగుతోంది. ఆ పడుగు మీద నేయబోయేది ఆమె పెళ్లిచీర.

"నిన్న నేను సరైన పోగే ఇచ్చినాను. నువ్వే కావాలని తప్పించినావు."

"మొన్న తమరు రెండేసి ఇయ్యలేదా, టీచరమ్మా?"

"ఇచ్చినాను. విప్పి మళ్లీ ఎక్కించేదాకా నీ ఎదురుగా కూర్చోవచ్చని."

"నేనూ అందుకే."

"నాతో చిత్తూరికి వచ్చేయ్."

"మీ నాయన శెట్టిగారింటికా? నేను నీకేమవుతానని చెప్తావు?"

"స్నేహితురాలని."

"స్నేహితురాలు ఎన్నాళ్లుంటాది? ఆడ నీకూ సంబంధాలు చూస్తాండారు గదా."

"ఇంకొక్కసారి తప్పిద్దామా?"

"ఎన్నిసార్లు విప్పినా ఇదే చీర గదా. నా చెయ్యి వొదిలి, ఆ చివరి పోగియ్యి."

పోగు లాగి ఆమె లేచింది. భోజనాలకు కూర్చున్న ఇంటిల్లిపాది ముందూ నిలబడింది.

"పోగులన్నీ ఎక్కినాయి నాయనా. లగ్నం పెట్టుకోమని పుత్తూరోళ్లకు జాబు రాయి."