ఇంకో టేకు

డబ్బింగ్ గదిలో తెర మీద అంతరిక్ష నౌక బయలుదేరుతోంది. మైకు ముందు తండ్రి నిలబడ్డాడు. అద్దానికి ఇవతల కూతురు రికార్డు చేస్తోంది.

"‘ఏడవకు తల్లీ, వెళ్లొస్తాను.’ సరిపోయిందా?"

"పెదాలకి కలవలేదు నాన్నా. ఇంకో టేకు."

"వ్యోమగామి నెత్తిన హెల్మెట్ ఉంటే నీకు పెదాలెక్కడ కనిపించాయే? పొద్దుట్నుంచీ ఈ ఒక్క ముక్కే చెప్పిస్తున్నావు."

"మొదటిదే బాగుంది నాన్నా. రేపు ఆపరేషనయ్యాక నీకిక గొంతు ఉండదన్నారుగా... మిగతావన్నీ నాకోసం దాచుకుంటున్నా."

"పిచ్చిదానా, ఆ వ్యోమగామి మాటలు నీకెందుకే? మైకు ఆన్‌లో ఉందా?"

"ఉంది."

"అయితే ఆ బొమ్మ ఆపి, ముక్కు తుడుచుకో."

"ఆపాను."

ఆయన గొంతు సవరించుకుని, కూతురి చిన్నప్పుడు రోజూ పిలిచినట్టే పిలిచాడు.

"మొద్దూ, లేవే! తెల్లారింది."