రింతి అక్క కుడి కన్ను

టేపా? కనురెప్పకి టేపు అంటిస్తే మడత పడుతుందా, కన్ను పెద్దగా కనిపిస్తుందా? ఏదీ, ఇటు తిరుగు. నిజమే, పడింది! ఒక కంటికే అంటించుకున్నావేమే, కోపం ఒక కంట్లో, నవ్వు ఒక కంట్లో పెట్టుకున్నట్టున్నావు. సురబయ పట్నం వెళ్ళి, ఎప్పటికీ మడత ఉండేలా రెప్ప కోయించుకుంటావా? కోయించుకో తల్లీ, నేనేం వద్దనను. కనురెప్ప మీద కత్తి ఎలా నడుస్తుందో అడుగు దూరంలో నిలబడి చూసినదాన్ని నేను. ఎవరికనుకున్నావు, రింతి అక్కకి. నువ్వు పుట్టకముందే పోయిందిలే. సొంత అక్క కాదు, పక్కింటావిడ. మన పేటలో ఆడపిల్లలందరికీ నాట్యం నేర్పింది ఆవిడే, మీ అమ్మతో సహా. గుడి ఉత్సవంలో ఏటా దేవుడి ముందు మొదట ఆడేది కూడా ఆవిడే. ఆ కళ్ళు ఎలాంటివంటే... ఎలా చెప్పను, ఒక్కసారి ఇటు నుంచి అటు తిప్పిందంటే, వాయించేవాళ్ళ చేతులు ఆగిపోతాయేమో అనిపించేది.

నలభై ఎనిమిదో ఏట కుడి రెప్ప వాలడం మొదలైంది. నొప్పి లేదు, పుండు లేదు, కొట్టు మూసేటప్పుడు దించే తెరలా రోజు రోజుకీ కిందికి. ఆవిడేం చేసిందీ, గడ్డం పైకెత్తి రెప్ప కిందనుంచి చూడటం అలవాటు చేసుకుంది. మన నాట్యం పిల్లలెలా నేర్చుకుంటారు? గురువు మొహం చూసేగా. ఆవిడ గడ్డం ఎత్తితే వాళ్ళూ ఎత్తారు. ఆ ఏడు పక్క ఊరి గుళ్ళో మన పిల్లలు పదకొండు మంది వరసగా గడ్డాలెత్తి ఆడారు. అక్కడి నాట్యం గురువు, బొద్దు మనిషి, అందరూ వినేలా "ఏం రింతీ, మీ పిల్లలు గాలిపటాలు చూస్తున్నారా, వానమబ్బు చూస్తున్నారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా పాపం. తర్వాత చూస్తే ఆ వరసలో మూడోది మీ అమ్మ, నా కూతురే, తొమ్మిదేళ్ళది. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అక్క మాత్రం ఆ రోజు ఏమీ తినలేదు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మంలోకొచ్చి "డాక్టరు దగ్గరికి పద" అంది.

నన్నెందుకంటే, ఆవిడకి మన బాలీ మాట తప్ప వేరే రాదు. నేను దెన్పసార్ బజార్లో మిరపకాయలమ్మి నలుగురి మాటలూ పట్టేశాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, నోరు మాత్రం ఉండేది. డాక్టరు హర్తాది అని జావా ఆయన, నెమ్మదస్తుడు. "రెప్పనెత్తే నరంలాంటిది సాగిపోయింది. కోసి బిగించి కుడతాను. ఎక్కువ బిగిస్తే కన్ను మూతపడదు, ఎండి పాడైపోతుంది. తక్కువైతే మళ్ళీ వాలుతుంది. అందుకని మత్తులో పడుకోబెట్టను, మధ్యమధ్యలో లేపి కూర్చోబెట్టి ఎంత లేచిందో చూస్తాను. మీరు పక్కనుండి నా మాట ఆవిడకి చెప్పాలి" అన్నాడు. నాకూ ఆకుపచ్చ గౌనొకటి తొడిగారు. చేతులు కడిగించి కడిగించి తోలు ఊడదీశారనుకో.

సూది వేశారు, కోశారు. నెత్తురు పెద్దగా రాలేదు, ఆశ్చర్యం. రెప్ప లోపల ఎంత పల్చగా ఉంటుందో తెలుసా, ఉల్లిపాయ పొరలా! తాత్కాలికంగా ముడేసి అక్కని లేపి కూర్చోబెట్టారు. "మామూలుగా చూడమనండి." చెప్పాను. అక్క చూసింది. డాక్టరు మొహం వెలిగిపోయింది. "భేష్, ఇంతే కావాలి, ముడి బిగించేస్తాను" అన్నాడు. అది మామూలు చూపు కాదే! నాట్యం చూపు! కనుబొమలెత్తి, గుడ్లు నిలిపి, గంట మోగగానే రంగంలోకి వచ్చేటప్పటి చూపు. "అక్కా, మామూలుగా చూడవే" అన్నాను. "మామూలుగానేగా చూస్తున్నానే!" అని కసిరింది. పాపం అబద్ధం కాదు. నలుగురు చుట్టూ నిలబడి తన మొహం చూస్తుంటే ఆవిడకి వేరే చూపు తెలిస్తేగా. డాక్టరు సూది ఎత్తాడు. చదువుకున్నాయనకి మిరపకాయలమ్మేది ఏం చెబుతుంది? అయినా నోరు జారింది. "అది ఆవిడ కన్ను కాదండీ." నర్సు నన్ను మింగేసేలా చూసింది. చేతి తొడుగులు చుట్టొచ్చిన కాగితం ఒకటి పక్కనుంటే, దాన్ని అక్క చేతిలో పెట్టి "పూజకి చనంగ్ బుట్ట మడువక్కా" అన్నాను. రోజూ దేవుడికి పూలు పెట్టే బుట్టకి లేత కొబ్బరాకు మడిచినట్టే వేళ్ళు వాటంతటవే మడవడం మొదలెట్టాయి. కళ్ళు కిందికి, చేతుల మీదికి. "ఇప్పుడు పిలుస్తాను, చూడండి" అని డాక్టరుతో చెప్పి, "అక్కా" అన్నాను. ఏమిటే అన్నట్టు తలెత్తింది, ఇంట్లో ఎత్తినట్టు. కుడి రెప్ప సగం గుడ్డు మీదికి దిగిపోయి ఉంది.

డాక్టరు ఎత్తిన సూది దించేశాడు. నెమ్మదిగా అన్నాడు. "రెండిటికీ ఒక్క కుట్టు సరిపోదమ్మా. ఈ చూపుకి కుడితే ఆవిడకి బాగా కనిపిస్తుంది, గడ్డం దిగుతుంది. కానీ నాట్యానికి కళ్ళు పెద్దవి చేసినప్పుడు కుడి గుడ్డు తెల్లగా పైకి తేలి భయంగొలుపుతుంది. ఆ చూపుకి కుడితే నాట్యంలో అందంగా ఉంటుంది, మామూలప్పుడు వాలే ఉంటుంది. ఏది కావాలో ఆవిణ్ణే అడగండి."

వింటున్నావా? అడగమన్నాడు. అక్క అక్కడే ఉంది, మెలకువగా, ఒళ్ళో కాగితం బుట్ట పెట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. అడిగితే నాట్యం అంటుంది, నాకు తెలుసు. అనేసి మళ్ళీ గడ్డమెత్తి మీ అమ్మ ముందు నిలబడుతుంది. అదొక్కటే మెదిలింది నాకు, ఆ వరసలో మూడోది. "మామూలు చూపుకే కుట్టమంటోందండీ" అన్నాను. అక్క పెదవి కూడా కదపలేదు, డాక్టరుకి మన మాట వస్తే కదా పట్టుకోడానికి. కుట్టేశాడు.

చక్కగా కుదిరింది. నెల తిరిగేసరికి గడ్డం దిగింది, పిల్లల గడ్డాలూ దిగాయి. మీ అమ్మ ఎంత బాగా ఆడేదో ఊళ్ళో ఎవర్నైనా అడుగు. నాలుగు నెలలకి గుడి ఉత్సవం. అక్క ముందుకొచ్చి కళ్ళు పెద్దవి చేసింది. ముందు వరసలో పసిది ఒకటి కెవ్వున ఏడిచి తల్లి చంకలో దూరింది. అక్క ఆట ఆపలేదు, పూర్తిచేసింది. చేసి వచ్చి, ఆడవాళ్ళం కొబ్బరాకులు మడుస్తున్న చోట నా పక్కన కూర్చుంది. మరెప్పుడూ ఆడలేదు, పదిహేనేళ్ళు బతికినా. ఆ రోజు మాత్రం ఆకు మడుస్తూ, నా వైపు చూడకుండా "కెర్తీ, ఆ డాక్టరు నిన్నేదో అడిగాడే. చాలాసేపు అడిగాడు. ఏమిటది?" అంది.

"దాహం వేస్తోందేమో నిన్ను అడగమన్నాడక్కా" అన్నాను.

కాసేపు మడిచింది. "వేసిందే. నువ్వడగనేలేదు" అంది.

...

మీ అమ్మ బండి చప్పుడులా ఉంది. బియ్యం కడిగావా, లేదా?